ఏడు చుట్ల ధర్మసందేహం

ఆ రోజు పురపాలక సంఘం సమావేశ మందిరంలో హాజరైనవారిని వారు కూర్చున్న వరుసలోనే పేర్కొంటున్నాను. వరుస తప్పితే అర్థమే మారిపోతుందని ముప్పై నాలుగేళ్ల రెవెన్యూ కొలువు నాకు నేర్పింది. మధ్య కుర్చీలో కమిషనర్ శ్రీ విద్యాచరణ్ గారు. వారి కుడివైపున అసిస్టెంటు ఇంజనీరు శ్రీ కమలాకరం గారు. ఎడమవైపున శానిటరీ ఇన్‌స్పెక్టరు శ్రీ దైవసహాయం గారు. ఆయన పక్కన, పౌర సమాజం తరఫు పెద్దమనిషి హోదాలో, విశ్రాంత డిప్యూటీ కలెక్టరునైన నేను. ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరుకు దిగువన నన్ను కూర్చోబెట్టడం మర్యాదాక్రమానికి విరుద్ధమని లిఖితపూర్వకంగా తెలియజేసి మరీ కూర్చున్నాను. మా ఎదురుగా, కుర్చీ వేసినా కూర్చోకుండా, వాల్వు తిప్పే నిలువెత్తు ఇనుప తాళాన్ని చేత పట్టుకుని, నీళ్లు వదిలే ఉద్యోగి దొడ్డి గంగరాజు.

అది పురపాలక ధర్మసందేహ నివారణ సంఘం తొలి సమావేశం.

ఈ సంఘం పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. కమిషనర్ గారు ఏదో కొండల మీద అయిదు రోజులు నైతిక పాలన మీద శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన మరునాడే ఒక సర్క్యులర్ వెలువడింది. 'సుపరిపాలనకు పునాది నైతికత. నైతికతకు పునాది సందేహం. సందేహించని ఉద్యోగి యంత్రంతో సమానం. కావున ప్రతి ఉద్యోగీ తన అంతరంగాన్ని పరిశీలించుకుని, తనను బాధిస్తున్న ధర్మసందేహాన్ని నిర్ణీత నమూనాలో నమోదు చేయవలెను.' రెండు వందల పన్నెండు మంది ఉద్యోగులను టౌన్‌హాలులో కూర్చోబెట్టి, ఎవరికి ఏ సందేహం ఉన్నదో నిర్భయంగా చెప్పమన్నారు. పైఅధికారి నిర్భయంగా చెప్పమన్నప్పుడు సీలింగు ఫ్యాను వైపు చూడవలెనన్నది ప్రభుత్వోద్యోగంలో తొలినాడే అబ్బే విద్య. రెండు వందల పదకొండు మంది ఫ్యాన్ల వైపు చూశారు. గంగరాజు చెయ్యెత్తాడు.

"నాకొకటుందండి."

కమిషనర్ గారి ముఖం విప్పారింది. "చెప్పండి గంగరాజు గారూ."

గంగరాజు వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరుతో ఇంకెవరైనా గారు ఉన్నారేమోనని. లేరని నిర్ధారించుకుని చెప్పాడు.

విషయం ఇది. మా పట్టణంలో ఆఫీసర్ల కాలనీ ఎత్తు మీద ఉంటుంది. రేవు వీధి గోదావరి కాలువ వైపు గొట్టం చిట్టచివర ఉంటుంది. రెండింటికీ ఒకే గొట్టం. కాగితం మీద ఇద్దరికీ పొద్దున్న అయిదున్నర నుండి ఆరుంబావు దాకా సమానంగా నీళ్లు. వాస్తవంలో కాలనీ తొట్లన్నీ నిండేదాకా రేవు వీధి కుళాయిల్లో గాలి తప్ప మరేమీ రాదు. అందుకని గంగరాజు సరిగ్గా ఆరు గంటలకు కాలనీ వాల్వును ఏడు చుట్లు బిగిస్తాడు. ఆ చివరి పావుగంటలో రేవు వీధిలోని ముప్పై రెండిళ్లకూ బిందెలు నిండుతాయి. తొమ్మిదేళ్లుగా ఇది జరుగుతున్నది. కాలనీలో ఎవరూ గమనించలేదు. ఏ ఉత్తర్వులోనూ ఇది లేదు.

"ఆ వీధిలో మా అత్త ఉంటదండి," అన్నాడు గంగరాజు. "మొన్న మా ఆవిడ అందండి, మా అమ్మ ఆ వీధిలో లేకపోతే నీకంత దయ ఉండేదా అని. నవ్వుతానే అందండి. అప్పట్నించీ తాళం పట్టుకుంటే చెయ్యి ఆడట్లేదండి. నేను చేసేది న్యాయమాండి, మా అత్త మీద పక్షపాతమాండి?"

వెనక వరుసలోంచి ఫిట్టరు కామేశు గొణిగాడు. "నీళ్లు వదిలేవాడివి నిప్పు వదిలావేంట్రా."

కమిషనర్ గారు మాత్రం చప్పట్లు కొట్టారు. శిక్షణలో తమకు చెప్పిన ఉదాహరణలన్నీ విదేశీయమని, ఇంత స్వచ్ఛమైన స్వదేశీ సందేహం తమ పట్టణంలోనే లభించడం ఈ ప్రాంతపు అదృష్టమని అన్నారు. మూడో రోజుకు సంఘం ఏర్పడింది.

తిరిగి ఆ తొలి సమావేశానికి వస్తాను. కమిషనర్ గారు నియమావళిలోని ఏడవ నిబంధన చదివారు. "సందేహము నమోదైన విషయమున, నిర్ణయము వెలువడు వరకు, సందేహి ఎట్టి చర్యయు గైకొనరాదు."

"సందేహి అంటే ఎవరండి?" అన్నాడు గంగరాజు.

"మీరే."

"అంటే రేపు పొద్దున్న తాళం తిప్పకూడదాండి?"

"తిప్పరాదు."

"మరి రేవు వీధికి నీళ్లండి?"

ఇంజనీరు గారు కల్పించుకున్నారు. "నీళ్లు సాంకేతిక అంశం గంగరాజూ. దానికి మంగళవారం వేరే సమావేశం ఉంది. ఇక్కడ నడుస్తున్నది నైతిక అంశం. రెండూ కలిపేస్తే ఎలా?"

"కలపలేదండి. గొట్టం ఒకటేనండి."

ఈ సమాధానం చర్చాపరిధిలో లేనందున నమోదు కాలేదు.

మరునాడు తాళం తిప్పడానికి ఇంజనీరు గారు ఫిట్టరు కామేశును పంపారు. కామేశు తెలివైనవాడు. వాల్వు దాకా వెళ్లి, చూసి, తిరిగి వచ్చి తన నమూనా నింపాడు. 'ఒకరి సందేహము తీరక మునుపే ఆ వాల్వును మరొకరు తిప్పుట ధర్మమా?' కమిషనర్ గారు దానిని ఉన్నతశ్రేణి సందేహంగా వర్గీకరించారు. కామేశు ఆ రోజంతా టీ కొట్టు దగ్గర నిష్కామంగా కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ దృశ్యాన్ని చూడనివారు కార్యాలయంలో లేరు.

ఆ వారంలో నూట పద్నాలుగు సందేహాలు నమోదయ్యాయి. వీధిదీపాలు వేసే ఉద్యోగి, దీపం వెలిగిస్తే పురుగులు వచ్చి చస్తున్నాయనీ, ఆ పాపంలో తన వాటా ఎంతనీ అడిగాడు. జనన ధ్రువపత్రాల గుమాస్తా, ఒక మనిషి పుట్టాడని తాను నిర్ధారించడం ఏపాటి వినయమని ప్రశ్నించాడు. దోమల మందు కొట్టే జట్టు ఉమ్మడి సందేహం వేసింది. కౌంటర్ల మీద అట్టముక్కలు వెలిశాయి: 'ఇచ్చట సందేహం పెండింగులో ఉన్నది. సహకరించగలరు.'

"మీరైనా కాలువలు తీయించండి," అన్నాను నేను దైవసహాయం గారితో.

"మనసు ఒప్పట్లేదండి," అన్నారాయన వినయంగా. "ఆ బురదలో ఎన్ని ప్రాణులు కాపురం ఉన్నాయో. ఫారం వేశాను. పోయిన నెల్లో ఇదే మాట అంటే మెమో ఇచ్చేవారు. ఇప్పుడు ప్రశంసాపత్రం ఇచ్చారు."

రాష్ట్ర కార్యాలయం నుండి అభినందన లేఖ కూడా వచ్చింది. నైతిక చైతన్యంలో మా పట్టణం ప్రథమ స్థానంలో నిలిచిందనీ, ఇతర పట్టణాలలో సగటున నాలుగు సందేహాలే ఉండగా మా వద్ద నూట ఎనభై ఏడు ఉన్నాయనీ, త్రైమాసికం ముగిసేలోగా రెండు వందల యాభై దాటించవలెననీ దాని సారాంశం. ఉద్యోగులే రెండు వందల పన్నెండు మంది కాబట్టి, కొందరు రెండేసి సందేహాలు పడవలసి ఉంటుందని కమిషనర్ గారు మమ్మల్ని హెచ్చరించారు.

ఈ సందడిలో అసలు సందేహం మా సంఘం ముందు అలాగే ఉంది. దాని మీద నివేదిక రాసే బాధ్యత నాది. నేను పద్నాలుగు పుటల నివేదిక సమర్పించాను. కాలం సమానమైతే న్యాయం సమానమని, నలభై అయిదు నిమిషాలు ఇద్దరికీ నలభై అయిదు నిమిషాలేనని, గురుత్వాకర్షణ చేసే తారతమ్యానికి పురపాలక సంఘం బాధ్యత వహించజాలదని అందులో నిరూపించాను. భాష విషయంలో ఆ నివేదిక నా సర్వీసులోని ఏ నివేదికకూ తీసిపోదు.

ఆ నివేదిక ఇచ్చిన మరునాటి ఉదయం మా గేటు ముందు ఒక స్త్రీ నిలబడి ఉంది. చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె. మా డాబా మీది తొట్టి నిండి, పొర్లి, గోడ వెంట ధారగా దిగి, వీధిలోకి పారుతున్నది. ఆమె ఆ ధార కింద బిందె పెట్టి నిలబడింది.

"ఎవరమ్మా మీరు?"

"వరహాలమ్మనండి. గంగరాజు అత్తని. రేవు వీధండి."

"లోపలికి వచ్చి కుళాయి దగ్గర పట్టుకోవచ్చును కదా."

"ఎందుకులెండి, కుళాయి మీది. ఈ పారేది ఎవరిదీ కాదు కదాండి." బిందె నిండేదాకా ఆమె గోడ వైపే చూస్తూ మాట్లాడింది. "పన్నెండు రోజులైందండి. కొట్టుకి పప్పు నానబోయడానికి నీళ్లు లేవు, ఇడ్లీ కొట్టు మూసేశాను. నాదేముందిలెండి, పక్కవాళ్లకి తాగడానికే లేవు. మా అల్లుడేమో తాళం పక్కన పెట్టుకుని అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. ఏదో పెద్ద పంచాయితీ జరుగుతుందంట. పెద్దోళ్లు కూర్చున్నారంట. మీకేమన్నా తెలుసాండి?"

"విన్నాను," అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదని లోపలికి వెళ్లేలోగా అర్థమైంది. వరండాలో మా ఇంటావిడ కాఫీ గ్లాసుతో నిలబడి అంతా విన్నది.

"మన తొట్టి ఇలా పొర్లడం నేనెప్పుడూ చూడలేదండి," అంది.

"ఔను. పూర్వం వాల్వు బిగించేవారు."

"ఆ వీధికి నీళ్లు ఇవ్వడం న్యాయమా అని మీరంతా విచారిస్తున్నారు. మీ నలుగురి ఇళ్లూ ఈ కాలనీలోనే ఉన్నాయి." ఆవిడ గ్లాసు నా చేతికిచ్చింది. "అత్తగారుందని గంగరాజుకి సందేహం వచ్చింది. సొంత తొట్టి ఉందని మీకు రాలేదేం?"

నలభై రెండేళ్ల దాంపత్యంలో ఆవిడ నా నివేదికల మీద ఎన్నడూ వ్యాఖ్యానించలేదు. ఆ కాఫీ చల్లారిపోయింది. పదకొండు గంటలకు కార్యాలయానికి వెళ్లి, ఉద్యోగి కానివారికి కూడా వర్తించే నమూనా అడిగి తీసుకుని, నిలబడే నింపాను. 'నా తొట్టి పొర్లుట వలన లాభపడుచున్న నేను, ఆ నీటి విషయమున తీర్పరిగా కూర్చుండుట ధర్మమా? నా నివేదిక పద్నాలుగు పుటలు నా తొట్టి పక్షమున వ్రాయబడినవా?'

కమిషనర్ గారు దానిని రెండుసార్లు చదివారు.

"సార్, మీరు సందేహి అయిపోయారు," అన్నారు చివరకు.

"తెలుసును."

"మీకు వర్తిస్తే మాకూ వర్తిస్తుంది. నేనుండే క్వార్టరు కాలనీలోదే. కమలాకరం గారిదీ, దైవసహాయం గారిదీ అక్కడే. అంటే సంఘంలో అందరం సందేహులం. సందేహులు నిర్ణయం తీసుకోరాదు. ఏడవ నిబంధన." ఆయన స్వరంలో భయం కన్నా పారవశ్యమే ఎక్కువ వినబడింది. "మన పట్టణంలో ఇక నిర్ణయం తీసుకునే అర్హత గలవారే లేరు సార్."

ఉన్నారేమో వెతకాలని నిశ్చయించారు. అనుబంధ నియమం ఒకటి తయారైంది. సంఘం అశక్తమైనప్పుడు, ఎట్టి సందేహమూ లేని పౌరునికి నిస్సందేహ ధ్రువపత్రం ఇచ్చి, నిర్ణయాధికారమూ చర్యాధికారమూ వారికి అప్పగించవచ్చును. దండోరా వేయించారు. నెల రోజుల్లో నలభై ఒక్క మంది వచ్చారు. ఒక వకీలు గారు, ఏ పక్షం తరఫున నిస్సందేహంగా ఉండాలో ముందు చెప్పమన్నారు. ఒక పురోహితుడు గారు తనకు సందేహం లేదు గానీ తిథి చూసి చెబుతానన్నారు. మిగిలినవారిలో చాలామంది, తమకు సందేహాలు లేవని గట్టిగా చెప్పి, ఈ ధ్రువపత్రం రేషను కార్డుకు పనికొస్తుందా అని సందేహం వెలిబుచ్చారు. అందరూ అనర్హులయ్యారు.

రేవు వీధి ఆడవాళ్లు ఈ లోగా రోజూ కాలనీ దాకా మెట్ట ఎక్కి దిగుతున్నారు. ఒక శుక్రవారం వారు మెట్ట ఎక్కలేదు. పన్నెండు మంది ఖాళీ బిందెలతో సమావేశ మందిరంలోకి వచ్చారు. ముందు వరహాలమ్మ. గంగరాజు ఆమెను చూసి గోడకు అతుక్కుపోయాడు.

"మీ సందేహం తీరేదాకా మేం నీళ్లు తాక్కూడదా బాబూ?" అంది ఆమె కమిషనర్ గారితో.

"అమ్మా, ఈ అంశంలో మీరు ఆసక్తి గల వ్యక్తి. మీ వాదన..."

"ఆసక్తి కాదు బాబూ, దాహం."

కమిషనర్ గారు అలవాటు ప్రకారం ధ్రువపత్రపు ప్రశ్న వేశారు. "అమ్మా, మీకు ప్రస్తుతం ఏ విషయంలోనైనా ధర్మసందేహం ఉన్నదా?"

"దేనికి బాబూ? అరవై రెండేళ్లొచ్చాయి. మా ఇంట్లో సందేహాలన్నీ మా ఆయనకే ఉండేవి. ఆయనతోనే పోయాయి."

నలభై ఒక్క మందిలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ఇంజనీరు గారు అభ్యంతరం లేవదీశారు. "ఆవిడ ఆ వీధి మనిషి సార్. పైగా సందేహికి అత్తగారు. ఎలా కుదురుతుంది?"

అప్పుడు నేను లేచాను. నేనూ సందేహినే గనుక అభిప్రాయం చెప్పడం లేదనీ, నియమావళిని చదివి వినిపించడం మాత్రం చర్య కిందకు రాదనీ ముందుగా స్పష్టం చేశాను. స్వప్రయోజనం ఉన్నవారు తప్పుకోవాలన్న నిబంధన 'ఉద్యోగులకును, సంఘ సభ్యులకును' మాత్రమే వర్తిస్తుందని చదివాను. వరహాలమ్మ గారు ఉద్యోగి కారు. సభ్యురాలు కారు. కూర్చున్నాను.

త్రైమాసికం ముగిసే ఆ వారంలోగా రెండు వందల యాభై సందేహాలు దాటించవలసిన కమిషనర్ గారు ఆలోచించారు. తీరిన సందేహం ఒక్కటి కూడా లేకుండా ఇన్ని సందేహాలు పంపితే రాష్ట్ర కార్యాలయం ఏమంటుందోనన్న ఆలోచన అప్పుడే వారికి తొలిసారి తట్టినట్టుంది. ధ్రువపత్రం మీద సంతకం చేశారు.

"ఇప్పుడు మీరు విచారణ జరపవచ్చునమ్మా."

"విచారణేముంది." వరహాలమ్మ బిందె దించి, దాని మీద చెయ్యి ఆనించి, అల్లుడి వైపు తిరిగింది. "ఏం అల్లుడూ, ఇటు రా. నా రెండో కూతురు కాకినాడలో ఉంది కదా. రేపు నేను మూటా ముల్లే కట్టుకుని అక్కడికి పోతాననుకో. ఎల్లుండి పొద్దున్న తాళం తిప్పుతావా, మానేస్తావా?"

గంగరాజు తాళపు అడ్డకడ్డీ మీద బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. ఆరు వారాలలో ఆ మందిరంలో ఎవరైనా నిజంగా ఆలోచించగా నేను చూడడం అదే మొదలు.

"తిప్పుతానత్తా," అన్నాడు మెల్లగా. "చివరింట్లో అన్నవరం తాత మంచం మీదున్నాడు. వాళ్ల కోడలు ఒక్కత్తే. పైనించి మోసుకురాలేదు."

"ఆ తాత నీకేమవుతాడు?"

"ఏమీ అవడు."

"ఎదురింటి దుర్గ?"

"ఏమీ అవదు. దాని మొగుడు నాతో మాట్లాడడు కూడాను. సైకిలు తగాదా."

"ఆళ్లకీ తిప్పుతావా?"

"గొట్టం ఆళ్ల గుమ్మం దాకా ఉంది కదత్తా. తిప్పకపోతే ఎలా?"

"అయితే ఇంకేం సందేహం? నా కూతురు ఎకసెక్కానికి అన్న మాట పట్టుకుని ఇన్నాళ్లు అన్నం మానేస్తావా?" ఆమె మా వైపు తిరిగింది. "నా మీద పక్షపాతమంట బాబూ. తొమ్మిదేళ్లలో ఒక్క పండక్కి చీర పెట్టిన పాపాన పోలేదు. పక్షపాతం ఉంటే అది తెలియదా?"

పన్నెండు మంది ఆడవాళ్లూ ఒక్కసారి నవ్వారు. గంగరాజు కూడా నవ్వాడు. అతడి భుజాలు నెలన్నర తరువాత కిందికి దిగాయి.

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. నిర్ణయం అద్భుతమనీ, అయితే దానిని టైపు చేయించి, అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువిచ్చి, ఆ తరువాతనే గంగరాజు సందేహిత్వం తొలగుతుందనీ సెలవిచ్చారు.

"అప్పటిదాకా ఇతను ముట్టుకోకూడదా?"

"ముట్టుకోరాదమ్మా."

"నేను ముట్టుకోవచ్చా?"

కమిషనర్ గారు తమ చేతులతో తాము సంతకం చేసిన ధ్రువపత్రాన్ని చూశారు. చర్యాధికారమూ వారికే అని అందులో ఉంది.

"ఆ తాళం ఇటివ్వు అల్లుడూ," అంది వరహాలమ్మ.

మరునాడు ఆరు గంటలకు కాలనీ మలుపులోని వాల్వు గుంత దగ్గర మేమంతా హాజరయ్యాం. సందేహి దూరం నుండి సూచన చేయడం చర్య అవునా కాదా అన్న చర్చ అయిదు నిమిషాలు నడిచి, కాదని తేలింది.

"కుడివైపుకి, అత్తా."

"నాకు తెలుసు."

"అది ఎడమ."

"తెలుసంటున్నానా."

ఆమె తిప్పింది. కొంతసేపటికి దిగువ నుండి ఎవరో ఆడమనిషి కేక వినిపించింది, కుళాయి వచ్చిందని. తరువాత వరసగా బిందెల చప్పుడు.

వరహాలమ్మ గారిని మిగిలిన సందేహాలన్నిటికీ తీర్పరిగా నియమించే ప్రతిపాదన ఉన్నదన్న వార్త ఆ ఉదయమే కార్యాలయంలో పొక్కింది. భోజన విరామానికి ముందే కామేశుతో సహా అందరూ తమ సందేహాలను ఉపసంహరించుకున్నారు. దైవసహాయం గారు ఎర్రటి ఎండలో స్వయంగా నిలబడి కాలువలు తీయించారు. సందేహం ఉపసంహరించుకోనివాడు గంగరాజు ఒక్కడే. తనది నిజంగా వచ్చిందనీ, నిజంగా తీరిందనీ, వెనక్కి తీసుకోవలసిన పని లేదనీ చెప్పాడు. నా నివేదికను నేను వెనక్కి తీసుకున్నాను.

సంఘపు చివరి సమావేశంలో ఈ కింది తీర్మానాన్ని నేను ప్రతిపాదించగా సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు:

'రేవు వీధి నివాసి శ్రీమతి వరహాలమ్మ గారు, ఈ సంఘము నెలన్నర కాలము చేయజాలని కార్యమును, శనివారము ఉదయము ఆరు గంటలకు స్వహస్తములతో నిర్వర్తించి, కాలనీ వాల్వును ఏడు చుట్లు బిగించినందుకు ఈ సంఘము వారికి తన కృతజ్ఞతను సవినయముగా నమోదు చేయుచున్నది. ఏడవ చుట్టు పిమ్మట వారు తమ ఇష్టప్రకారము మరియొక అరచుట్టు బిగించుట సభ్యులందరును ప్రత్యక్షముగా చూచిరి. దానిపై ఎవరికిని ఎట్టి సందేహమును కలుగలేదు.'